తమ్ముడి పేజీలోని ఎర్ర గుర్తులు

పోయిన ఆదివారం పొద్దున చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని ఫోన్ తెరిచానో లేదో, మా పాత ఆటగాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ కనబడి నా ఒళ్ళు మండిపోయింది. ఎడమ పక్కన మా ఆయన పడుచు నాటి ఫోటో, కుడి పక్కన మా తమ్ముడిది, పైన "మన జిల్లా బేస్‌బాల్‌లో ఫస్ట్ బేస్ మొనగాడు ఎవరు?" అని రంగురంగుల అక్షరాలు, కింద ఎవరెన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎన్ని బంతులు పట్టారు, ఎన్ని తప్పులు చేశారు అని పట్టిక. ఆ తప్పుల వరుసలో మా ఆయనవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా తమ్ముడివి లెక్కపెట్టడానికి ఇంటిల్లిపాది వేళ్ళు కావాలి. దాని కింద మా మనవడి ఈడు వాడెవడో "గీ అంకుల్ చేతుల గ్లవ్ ఉండెనా, జల్లెడ ఉండెనా?" అని రాస్తే, జనం పడీ పడీ నవ్వే బొమ్మలు పెట్టారు. మా ఆయన చేతులు జోడించిన బొమ్మ పెట్టారు, శాలువా కప్పించుకుంటున్న పెద్దమనిషిలాగా.

ఆ అంకెలు పోస్టర్ వేసిన పిల్లవాడు ఊహించి రాసినవి కావు. అన్నీ నేను రాసిన స్కోరు పుస్తకాల్లోవే. ముప్పై ఏళ్ళకు పైగా వ్యాయామ టీచరుగా పనిచేసి రిటైరైన మనిషిని నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా జిల్లాలో బేస్‌బాల్ స్కోరు రాయడం పద్ధతిగా నేర్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఎక్కడ మ్యాచ్ జరిగినా గొడుగు కింద బల్ల వేసి నన్నే కూర్చోబెట్టేవారు. ఆ పుస్తకాలు ఇన్నాళ్ళూ మా బీరువాలో పట్టు చీరల కింద ఉన్నాయి. నన్నొక్క మాట అడక్కుండా మా ఆయన తీసి ఆ పిల్లవాడి చేతిలో పెట్టారు. ఎవరి మీద ముందు మండిపడాలో తెలియలేదు నాకు, ఎందుకంటే మండిపడవలసిన వాళ్ళలో నేను కూడా ఉన్నాను.

మా బాపు హుజూరాబాద్ వైపు పల్లె నుంచి గోదావరి ఒడ్డుకు బాయి పనికి వచ్చాడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. కాలనీలో ఒక క్వార్టర్లో తమిళం, పక్క క్వార్టర్లో ఒడియా, ఎదురింట్లో హిందీ వినబడేవి, ఆటలూ అలాగే ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరేవి. బదిలీ మీద వచ్చిన ఒక గని అధికారి తన చదువుకునే రోజుల్లో నేర్చుకున్న ఈ ఆటను మా వాళ్ళకు అంటించి, ఏడాది తిరక్కుండానే మళ్ళీ బదిలీ అయి వెళ్ళిపోయాడు, ఆట మాత్రం మిగిలిపోయింది. బేసులు కొనే స్తోమత ఎవరికుంది? బొగ్గు మోసి మోసి చిరిగిపోయిన రబ్బరు బెల్టును నలుచదరంగా కోసి నేలకు మేకులు కొడితే అదే బేస్. గ్లవ్ తోలు మెత్తబడాలని ఆముదం రాసి, మధ్యలో బంతి పెట్టి తాడుతో కట్టి పరుపు కింద తోసేవాడు మా తమ్ముడు, మా ఇంట్లో ఆముదం తలలకన్నా ఆ తోలుకే ఎక్కువ పోయేది. తెల్లటి బంతి మూడో ఇన్నింగ్స్‌కల్లా బొగ్గు పొడి అంటుకుని నల్లబడేది. బాపు షిఫ్టు దిగి వస్తూ కాసేపు నిలబడి చూసి, "గిదేం ఆటనే బిడ్డా, కొట్టి ఉరుకుడు, సుట్టు తిరిగి మళ్ళ గాడికే అచ్చుడు" అని నవ్వుకుంటూ ఇంటికి పోయేవాడు.

ఆట తెలియని వాళ్ళకు ఒక్క సంగతి చెబితే చాలు, నా కోపం అర్థమవుతుంది. బంతిని కొట్టినవాడు మొదటి బేస్ వైపు పరుగెడతాడు, బంతిని ఆపిన ఫీల్డరు దాన్ని ఫస్ట్ బేస్ దగ్గర ఉన్నవాడికి విసురుతాడు, అతను ఒక కాలు బేస్ మీద ఆనించి, పరుగెత్తేవాడు చేరకముందే ఆ బంతిని పట్టుకోవాలి. విసురు పక్కకు పోయి బంతి చేజారిందనుకోండి, తప్పు ఎవరిది? అందేటట్టు వచ్చిన బంతిని పట్టలేకపోతే పట్టేవాడిది, అందకుండా వస్తే విసిరినవాడిది. అందేదో అందనిదో తేల్చవలసింది స్కోరరు, తేల్చి, తప్పు ఎవరిదైతే వాళ్ళ పేజీలో ఎర్ర సిరాతో గుర్తు పెట్టాలి.

కాలనీ జట్టుకు ఫస్ట్ బేస్ మా తమ్ముడు, హుజూరాబాద్ జట్టుకు ఫస్ట్ బేస్ ఇప్పుడు మా ఆయన అయిన మనిషి. అప్పటికి ఆయన నాకేమీ కాడు, మా కులంలోనే భూములున్న ఇంటి పిల్లవాడని మాత్రం తెలుసు. తెల్ల ప్యాంటు ఇస్త్రీ మడత చెదరకుండా బేస్ మీద కాలు పెట్టి స్తంభంలా నిలబడేవారు. బంతి ఎదురుగా వస్తే చక్కగా, అందంగా పట్టేవారు. జర పక్కకు వచ్చిందా, చేయి చాపినట్టు చాపి వదిలేసేవారు, అది పోయి కంచెకు తగిలితే విసిరినవాడి వైపు చూసి తల అడ్డంగా ఊపేవారు. మా తమ్ముడు అలా కాదు. ఎంత దూరం పోయే బంతికైనా ఒక కాలు బేస్ మీద, మిగతా ఒళ్ళంతా గాలిలో పెట్టి దూకేవాడు. ఇంకొకరైతే కన్నెత్తి కూడా చూడని బంతులను పదికి ఏడు పట్టేవాడు, మిగిలిన మూడు గ్లవ్ కొసకు తగిలి జారిపోయేవి. మ్యాచ్ అయ్యేసరికి మోచేతులు, మోకాళ్ళు చెక్కుకుపోయి, బట్టలు బాయిలో నుంచి ఎక్కి వచ్చినట్టు ఉండేవి. మమ్మల్ని కన్న అవ్వ ఆ బట్టలు ఉతకలేక, "గా హుజూరాబాద్ పిలగాన్ని చూసి నేర్చుకోరాదురా, ఎంత నీటుగ ఉంటడు" అని తిట్టేది.

అందరూ చేసిన తప్పు అదే, ఉతికిన బట్టను చూసి ఆటను కొలవడం. అవ్వకు ఆట తెలియదు కాబట్టి ఆమెను నేనేమీ అనను. ఆట తెలిసినదాన్ని, పుస్తకాలు చదివి పరీక్షలు రాసి వచ్చినదాన్ని, నాకేం రోగం పుట్టింది?

ఏం పుట్టిందో చెబుతాను. మొదటిసారి నేను మా కాలనీ మ్యాచ్‌కు స్కోరు రాయడానికి కూర్చున్నప్పుడు, వెనక గుంపులో ఎవరో "అక్క స్కోరు రాసేడిదుంటే తమ్ముడు తప్పు చేసుడేంది, అన్నీ ఒప్పులే అయితయి" అన్నారు. గుంపంతా గొల్లుమంది. ఆడపిల్ల వచ్చి మగవాళ్ళ ఆటకు స్కోరు రాయడమే అప్పట్లో వింత, దానికి తోడు ఈ మాట. ఆ క్షణంలోనే పళ్ళు బిగించి నిశ్చయించుకున్నాను, మా వాడని మొగ్గు చూపిందనే మాట జన్మలో పడకూడదని. అక్కడి నుంచి సందేహం వచ్చిన ప్రతిసారీ మా తమ్ముడి మీదే రాశాను. అందని బంతికి దూకి, వేలికొసకు తగిలి జారితే, తగిలింది కదా, అంటే అందినట్టే కదా అని వాడి పేజీలో ఎర్ర గుర్తు పెట్టాను. అదే బంతికి అవతలి మనిషి కదలకుండా నిలబడితే, తగలనే లేదు కదా అని విసిరినవాడి మీద రాశాను. దూకినవాడికి శిక్ష, నిలబడ్డవాడికి దీవెన. దీనికి నేను పెట్టుకున్న పేరు నిజాయితీ. ఊరు కూడా మెచ్చుకుంది, "గా పంతులమ్మ తమ్మున్ని సుత ఇడిసిపెట్టది" అని. ఆ మెచ్చుకోలు విని నేను ఉబ్బిపోయిన సంగతి ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒక మ్యాచ్ మరిచిపోలేను. మా కాలనీకి, హుజూరాబాద్‌కు మధ్య ఆఖరు ఇన్నింగ్స్. మా వైపు మూడో బేస్ దగ్గర ఆడే అతను బంతిని ఆపి కంగారులో ఎటో విసిరాడు. మా తమ్ముడు నేలకు సమంగా పరుచుకుని పోయి ఆ బంతిని గ్లవ్ కొసతో ఆపాడు, పట్టు దొరకలేదు, బంతి దొర్లిపోయింది. వాడు ఆపకపోయి ఉంటే బంతి కంచె దాకా పోయేది, ఇద్దరు పరుగులు చేసేవారు, ఆపాడు కాబట్టి ఒక్కడు బేస్ చేరి ఊరుకున్నాడు. అంటే మా వాడు జట్టును కాపాడాడు. లేచి నిలబడ్డాడు, మోచేతి నుంచి నెత్తురు కారుతోంది, దాన్ని చూసుకోకుండా నా బల్ల వైపు చూశాడు. నేను ఎర్ర పెన్ను తీసుకున్నాను. వాడు మళ్ళీ బేస్ దగ్గరికి పోయి కాలు ఆనించి నిలబడ్డాడు.

సాయంత్రం ఇంట్లో మోచేతికి పసుపు అద్దుకుంటూ వాడు నన్ను ఒక్కసారే అడిగాడు, కోపంతో కాదు, పాఠం అడిగినట్టు అడిగాడు.

"అక్కా, గది నాదేనా?"

"నీదే. చెయ్యికి తగిల్నదా లేదా?"

"తగిలింది."

అంతే. ఆ తరవాత ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజుల్లో రాష్ట్ర జట్టుకు ఆడితే ఆటల కోటాలో సర్కారు కొలువు వచ్చేది, మా ఇళ్ళల్లో ఎవరికైనా బాయిలోకి దిగకుండా బతికే దారి అదొక్కటే. ఎంపిక ఆదిలాబాద్‌లో పెట్టారు, ఫస్ట్ బేస్‌కు మా జిల్లా నుంచి ఒక్కరినే తీసుకుంటామన్నారు, ఆ ఒక్కరు మా తమ్ముడో ఈయనో తేలాలి. పొద్దున్నే ఇద్దరూ దిగారు, మేమంతా దిగాం, వాన కూడా దిగింది. ఆదిలాబాద్ నల్లరేగడి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, గంట వానకు మైదానం బురద గుంట అయింది, చెప్పు పెడితే చెప్పు లోపలే ఉండిపోయేది. పక్కనున్న జిన్నింగ్ మిల్లు షెడ్డు కింద పత్తి బోరాల మీద కూర్చుని రెండు రోజులు ఎదురుచూశాం. కాపలాదారు మరాఠీ కలిసిన తెలుగులో ఇవాళ ఆగుతుంది, రేపు ఆగుతుంది అని ఆశ పెట్టేవాడు. ఆగలేదు. చివరకు ఎంపిక చేయడానికి వచ్చిన పెద్దమనిషి విసుగొచ్చి, ఆట చూడకుండానే తేల్చేద్దామని నా పుస్తకం అడిగాడు.

పేజీలు తిప్పాడు. మా తమ్ముడి పేజీ దగ్గర ఆగి, "ఏందమ్మా, గీ పిల్లగాడు గిన్ని ఇడిసిపెట్టిండు?" అన్నాడు.

అప్పుడు నేను నోరు తెరిచి ఉంటే సరిపోయేది. సార్, వాడు వదిలినవి ఎవరూ ముట్టుకోలేని బంతులు, ఈ హుజూరాబాద్ ఆయన పేజీ ఎందుకింత తెల్లగా ఉందంటే ఆయన వాటి జోలికే పోలేదు, అని రెండు ముక్కలు చెబితే చాలు. కానీ పది మంది చూస్తున్నారు, పేజీ మీది పేరు నా తమ్ముడిది. మెడ నిటారుగా పెట్టి, "నేను రాసింది రాసినట్టే సార్" అన్నాను. షెడ్డు అవతల కొసన మా తమ్ముడు కూర్చుని గ్లవ్‌లోని తడి తుడుచుకుంటున్నాడు. ఆ మాట వాడికి వినబడింది.

ఈయన రాష్ట్రానికి ఆడారు, కొలువు వచ్చింది, కొలువు వచ్చిన పిల్లవాడు, పైగా కులం కలిసింది, ఇంకేం కావాలని బాపు సంబంధం కలిపాడు. పెళ్ళిలో మా తమ్ముడు పందిరి వేసిన దగ్గర నుంచి విస్తళ్ళు తీసేదాకా ఒంటి చేత్తో చేశాడు, ఈయనను బావా బావా అని మనసారా పిలిచాడు, ఇప్పటికీ పిలుస్తాడు. బాపు ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయితే వారసుడిగా ఆ పని వాడికి వచ్చింది. బాపు ఏ బాయి నుంచి వాణ్ణి తప్పించాలనుకున్నాడో అదే బాయిలోకి దిగి, పదవీ విరమణ దాకా బొగ్గు ఎత్తిపోసే తట్టా చెమ్మస్ మధ్యే బతికాడు. ఈయన ఫ్యాను కింద ఫైళ్ళ మీద సంతకాలు చేసి రిటైరయ్యారు. ఇద్దరి బతుకులూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ఆ పోస్టర్ వేసినవాడికి తెలియని పట్టిక అది.

ఆదివారం పొద్దున ఫోన్ ఈయన ముందు విసిరేసినట్టే పెట్టి అడిగాను, ఇదేం పని అని. పేపర్ మీది నుంచి తలెత్తకుండా, "పుస్తకంల ఉన్నదే గదా పోరగాడు పెట్టిండు. నేనేమన్న కొత్తగ రాసిచ్చిన్నా? గది నీ రాతనే" అన్నారు. అది నిజం కావడమే నాకు ఇంకా మంట. "బంతి కోసం మీరు ఎన్నడన్న కింద పడ్డరా? మీ ప్యాంటు ఎన్నడన్న మాసిందా?" అని అరిచాను. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట అనడం అదే మొదలు. పేపర్ మడిచారు. "వాడు నాకన్న మంచిగ ఆడుతడని నాకు అప్పుడే ఎరుక. గని నన్నెవ్వలు అడిగిండ్రు?" అన్నారు.

అంటే ఆయనకు తెలుసు. నాకు తెలుసు. జట్టులో విసిరినవాళ్ళందరికీ తెలుసు, వాళ్ళ తప్పులను మా వాడు ఒంటి మీద వేసుకున్నాడు కదా. అందరికీ తెలిసీ, ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదట. ఎంత పద్ధతి గల మనుషులం! అన్నం వండకుండా, ఆయనకు చెప్పకుండా బస్సెక్కి తమ్ముడి దగ్గరికి పోయాను.

క్వార్టర్ ఖాళీ చేశాక కాలనీకి దగ్గర్లోనే రెండు గదులు వేసుకుని ఉంటున్నాడు. దగ్గు వస్తే మాట మధ్యలో ఆగిపోతుంది. నన్ను చూసి పరేషాన్ అయ్యాడు, చెప్పా పెట్టకుండా వచ్చానని. పోస్టర్ వాడు చూశాడట, పొద్దున్నే. "పోరగాండ్లు జర మజాక్ జేసిండ్రు, ఏమాయెనక్కా" అన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. కట్టలు తెగిన చెరువులాగా చెప్పాను, వెనక గుంపులోని మాట, నా పౌరుషం, ఏ ఏ బంతులు వాడివి కావో, ఆదిలాబాద్‌లో నేను మింగేసిన మాట, అన్నీ. చెప్పి, నన్ను తిట్టరా, కొట్టు, ఏదైనా అను అన్నాను.

మరదలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, "వదినె ఏమంటుంది, నువ్వు ఆట ఆడెటోనివా?" అని వాణ్ణి అడిగింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆమెకు తెలిసింది ఒక్కటే, మా ఆయన పెద్ద ఆటగాడు, తన మొగుడు ఆయన వెంట మ్యాచ్‌లకు పోయేవాడు, అంతే. ఫోటోలోని పడుచువాణ్ణి ఎవరో అనుకుందట.

"ఆడిన గని, నాకు రాకపాయె" అన్నాడు వాడు ఆమెతో, ఎప్పుడూ చెప్పుకునే మాట చెప్పినట్టు తేలిగ్గా. ఆ తరవాత నా వైపు తిరిగి, "నాకు రాదనే అనుకున్ననక్కా ఇన్నేండ్లు. నువ్వు రాసినంక ఇగ అబద్ధం ఎట్లయితది?" అన్నాడు.

వాడు కొలువు పోయిందని ఏడ్చి ఉంటే భరించేదాన్ని. నా మీద కోపం దాచుకుని ఉన్నా, ఆ కోపం తీర్చుకో అని నిలబడేదాన్ని. వాడు నన్ను నమ్మాడు. నమ్మి, తనకు ఆట రాదని ఒప్పుకుని, పెళ్ళానికి, పిల్లలకు చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడి, జిల్లాలో అంతటి ఆటగాడు తన ఇంట్లోనే ఎవరికీ తెలియకుండా ముసలివాడైపోయాడు. మరదలు కంచం నిండా అన్నం పెట్టింది, తిన్నాను కూడా. ఏం తిన్నానో తెలియదు.

మా ఈడు వాళ్ళం నలుగురం కలిస్తే ఇప్పటి పిల్లలను తిట్టుకుంటాం, పెద్దవాళ్ళంటే గౌరవం లేదని, దేనికీ తలొగ్గరని, అంపైరు చేయి ఎత్తకముందే ఫోన్లో తీసింది చూపించి కొట్లాటకు దిగుతారని. మొన్నటికి మొన్న మా పాత బడి మైదానం పక్కగా పోతుంటే, ఏడో తరగతి పిల్ల ఒకతె స్కోరు రాస్తున్న టీచరు బల్ల మీద చేతులు పెట్టి, అది నా తప్పు కాదు మేడం, మళ్ళ చూడండి అని గొంతు చించుకుంటోంది. టీచరు విసుక్కుంటోంది. మేము చదివించిన రోజుల్లో ఏ పిల్లా అలా చేయలేదు, నిజమే, మా మాట వేదంలా ఉండేది, ఆ రోజులు పోయాయని నేనూ ఎన్నోసార్లు నిట్టూర్చినదాన్నే. ఆ పూట మాత్రం గేటు దగ్గర నిలబడిపోయాను. టీచరు కొట్టివేసి తిరిగి రాసేదాకా ఆ పిల్ల బల్ల వదల్లేదు. మా తమ్ముడు ఒక్కసారైనా అలా నా బల్ల మీద చేయి వేసి ఉంటే ఎంత బాగుండేది!